వైల్డ్ రైస్ కొనాలా, కొర్రలతోనే సరిపెట్టుకోవాలా?

వైల్డ్ రైస్ మాట ఈమధ్య మన వైపు కూడా బాగా వినపడుతోంది. షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని ఒకరు, బరువు తగ్గుతారని ఇంకొకరు, ప్రొటీన్ ఎక్కువని మరొకరు ఫోన్లో వీడియోలు పంపుతుంటారు. కర్నూల్లోనో అనంతపురంలోనో మామూలు కిరాణా కొట్టుకు పోయి అడిగితే మాత్రం కొట్టతను మన మొహం చూస్తాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదంటే హైదరాబాదో బెంగళూరో పోయినప్పుడు పెద్ద సూపర్ మార్కెట్లో వెతుక్కోవాలి. దొరికినా కిలో లెక్కన చూస్తే వెయ్యి రూపాయల పైమాటే. నంద్యాల సోనా బియ్యం బస్తాలకు బస్తాలు దొరికే చోట ఉండి అంత ధర పెట్టాలా అని ఎవరికైనా అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త రుచి కోసమైతే ఒక పావు కిలో ప్యాకెట్ కొని చూడండి, డబ్బులు దండగ కావు. ఆరోగ్యం కోసమైతే వద్దు. ఆ పని కొర్రలు, జొన్నలు, రాగులు చాలా తక్కువ ఖర్చుతో చేస్తాయి, కొన్ని విషయాల్లో ఇంకా బాగా చేస్తాయి. ఈ రెండు కారణాలను కలిపేసి చూడటం వల్లే కొన్నవాళ్లు ఆ తర్వాత తిట్టుకుంటున్నారు.

ఇది మన వరి కాదు

వైల్డ్ రైస్ కూడా గడ్డిజాతి మొక్కే, వరికి దూరపు చుట్టమే. కానీ శాస్త్రీయంగా మనం తినే వరి ఒరైజా అనే జాతి, ఇది జిజానియా అనే వేరే జాతి. ఉత్తర అమెరికాలో మంచినీటి సరస్సుల్లో, నెమ్మదిగా పారే ఏర్ల అంచుల్లో లోతు తక్కువ నీళ్లలో పెరుగుతుంది. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాలు, సరిహద్దు అవతల కెనడా దీని సొంత ఊళ్లు. మన చెరువుల పక్కన, వరి మళ్లలో తనంతట మొలిచే నివ్వరి వేరు, అది వరి జాతికే చెందింది. ప్యాకెట్ మీద ‘అడవి బియ్యం’ అని తెలుగులో రాసి ఉంటే లోపల ఉన్నది ఏదో గింజను చూసే తేల్చుకోవాలి.

అక్కడి ఆదివాసులు, ముఖ్యంగా ఒజిబ్వే జనం, దీన్ని మనోమిన్ అంటారు. నీళ్ల మీద ఆహారం పండే చోటు దొరికే దాకా పడమటికి నడవమని తమ పెద్దలకు ఆదేశం వచ్చిందని, అలా నడిచి ఈ సరస్సుల దగ్గర ఆగామని వాళ్లు చెప్పుకుంటారు. ఆగస్టు చివర, సెప్టెంబరులో కోత. కోత అనే మాట కూడా సరిపోదు, కొడవలి ఉండదు. ఇద్దరు చిన్న పడవలో పోతారు. ఒకరు నిలబడి గడతో పడవను నెడుతుంటే, రెండోవారు ఒక కర్రతో కంకుల్ని పడవ మీదికి వంచి, ఇంకో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది. కొంత నీళ్లలో పడి మరుసటి ఏడాదికి విత్తనమవుతుంది. పచ్చి గింజ కంకికే ఉంటుంది, దానికోసం కొన్ని రోజులాగి మళ్లీ వస్తారు. మిన్నెసోటాలో ఈ పడవ 18 అడుగులకు మించకూడదని, కొట్టే కర్ర 30 అంగుళాలు దాటకూడదని చట్టమే ఉంది. 1977లో ఆ రాష్ట్రం దీన్ని తమ రాష్ట్ర ధాన్యంగా ప్రకటించుకుంది.

తెచ్చిన గింజను కట్టెల మంట మీద వేయిస్తారు, తొక్కి పొట్టు తీస్తారు, చెరుగుతారు. ఆ వేయించడం వల్లే దీనికి కాస్త పొగ వాసన వస్తుంది.

ఈ కథంతా ఎందుకంటే, మనకు దొరికే ప్యాకెట్లో ఇది ఉండకపోవచ్చు. 1950ల తర్వాత మిన్నెసోటాలో దీన్ని మళ్లు కట్టి, నీళ్లు పెట్టి సాగు చెయ్యడం మొదలైంది. ఆ తర్వాత కాలిఫోర్నియా కూడా అందుకుంది. ఇలా మళ్లలో పండి యంత్రాలతో కోసింది నల్లగా నిగనిగలాడుతుంది, గట్టిగా ఉంటుంది, ఉడకడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. సరస్సులో చేత్తో కొట్టి తెచ్చింది గోధుమరంగులో, కొన్ని గింజలు లేతగా కొన్ని ముదురుగా ఉంటాయి. అది అరగంట లోపే ఉడుకుతుంది, రుచి కూడా దానిదే బాగుంటుంది. పేరులో వైల్డ్ అని ఉన్నంత మాత్రాన అడవిలో పండిందని కాదు. ప్యాకెట్ మీద ‘హ్యాండ్ హార్వెస్టెడ్’ అనో ‘లేక్’ అనో స్పష్టంగా లేకపోతే అది మళ్లలో పండిందే అనుకోండి.

బ్లాక్ రైస్‌తో గందరగోళం

మన దగ్గర అసలు మోసం జరిగేది ఇక్కడ. నల్లగా ఉన్న ప్రతి బియ్యాన్నీ వైల్డ్ రైస్ పేరుతో అమ్మేవాళ్లు ఉన్నారు. కొందరికి నిజంగానే తెలియదు, కొందరికి తెలిసీ అమ్ముతారు. బ్లాక్ రైస్ అసలైన వరే, పైపొర రంగు మాత్రమే నలుపు. మణిపురి చాక్-హావో అనే నల్ల బియ్యానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన రైతులు కూడా కొందరు నల్ల వరి రకాలు పండిస్తున్నారు. అది మంచి బియ్యమే, దానితో నాకు పేచీ లేదు. కానీ ధరలో చాలా తేడా ఉంది కాబట్టి పోల్చుకోవడం తెలియాలి.

వైల్డ్ రైస్ గింజ సన్నగా, సూదిలా పొడవుగా ఉంటుంది. సోనా గింజ పక్కన పెడితే రెండు మూడింతలు పొడవు కనిపిస్తుంది. బ్లాక్ రైస్ మామూలు బియ్యం ఆకారంలోనే ఉంటుంది. గింజ చూసి తేల్చుకోలేకపోతే నీళ్లు చెప్తాయి. ఒక చెంచాడు గింజలు గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచండి. బ్లాక్ రైస్ అయితే నీళ్లు నేరేడు రసం రంగుకు తిరుగుతాయి. వైల్డ్ రైస్ అయితే పలుచటి టీ రంగు దగ్గర ఆగుతాయి. ఉడికాక ఇంకా తేలిక: వైల్డ్ రైస్ గింజ మధ్యకు చీలి, లోపలి తెలుపు బయటపడి, చివరలు వంకర తిరుగుతాయి. బ్లాక్ రైస్ అలా విచ్చుకోదు, లోపలికంటా ఊదారంగు పాకి కాస్త జిగురుగా ఉంటుంది.

ఇంకో రకం ప్యాకెట్లు ఉన్నాయి, బ్రౌన్ రైస్‌లో కొంచెం వైల్డ్ రైస్ కలిపినవి. ధర తక్కువ కనిపిస్తుంది కానీ లోపల నల్ల గింజలు వెతుక్కోవాలి. పైగా రెండింటికీ ఉడికే సమయం వేరు. బ్రౌన్ రైస్ మెత్తబడేసరికి వైల్డ్ రైస్ పలుకుగా ఉంటుంది, ఇది ఉడికేసరికి అది ముద్దవుతుంది. కలిపి తినాలంటే మనమే వేరువేరుగా వండి కలుపుకోవడం నయం. ఈ మిక్స్ ప్యాకెట్లు కొనమని నేను ఎవరికీ చెప్పను.

వండటం: ఓపిక కావాలి, గ్యాస్ కావాలి

మన బియ్యానికి ఒకటికి రెండు నీళ్లు పోసి మూడు విజిల్స్‌కి దించే అలవాటుతో దీన్ని ముట్టుకుంటే పళ్లు నొప్పి పుడతాయి. ఒక కప్పుకు మూడున్నర, నాలుగు కప్పుల నీళ్లు పెట్టి, గంజి వార్చే పద్ధతిలో వండటమే మంచిది. ఎసరు మరిగాక కడిగిన గింజలు వేసి, మంట తగ్గించి, మూత వారగా పెట్టి నలభై నిమిషాల తర్వాత చూడటం మొదలుపెట్టండి. సగానికి పైగా గింజలు చీలి ఉంటే, కొరికితే మెత్తగా దిగి చివర్లో కాస్త కరకర ఉంటే అయినట్టే. వెంటనే వార్చెయ్యాలి. అన్ని గింజలూ పూర్తిగా విచ్చుకుని వెనక్కి చుట్టుకునే దాకా ఉంచితే చప్పగా, గడ్డి నమిలినట్టు అవుతుంది. దీనిలో ఉన్న ఒకే ఒక్క గొప్పతనం ఆ నమిలే గుణం, దాన్నే పోగొట్టుకుంటే ఇక కొన్నదెందుకు?

ముందు రోజు రాత్రి నానబెడితే సమయం బాగా తగ్గుతుంది. కుక్కరైతే నానిన గింజకు మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో పదిహేను నిమిషాలు, నానకపోతే ఇరవై, ఇరవై ఐదు. ఆవిరి తనంతట పోయాక మూత తీసి, మిగిలిన నీళ్లు జల్లెడలో వార్చండి. కుక్కర్‌ను సగానికి మించి నింపొద్దు, నురుగు వస్తుంది. గ్యాస్ గురించి బెంగ ఉన్నవాళ్లకు ఇంకో దారి: మంచి స్టీల్ ఫ్లాస్క్ ఉంటే పడుకునే ముందు ఒక వంతు గింజలకు నాలుగు వంతులు బాగా మరిగిన నీళ్లు పోసి మూత బిగించండి. పొద్దున్నకు చాలావరకు విచ్చుకుని ఉంటాయి. కాస్త తక్కువైతే ఐదు పది నిమిషాలు పొయ్యి మీద పెడితే సరిపోతుంది.

కడగడానికి ఏ నీళ్లైనా పర్వాలేదు కానీ ఉడకబెట్టడానికి తాగే నీళ్లే వాడండి. అనంతపురం వైపు బోరు నీళ్ల ఉప్పదనం సంగతి చెప్పక్కర్లేదు, ఇంతసేపు మరిగితే ఆ రుచంతా గింజకు పడుతుంది. ఉప్పు చివర్లో వేసుకోవచ్చు. వండే ముందు పళ్లెంలో పోసి ఒకసారి ఏరుకోండి. గులాబీ, ఊదా రంగులో ఉబ్బిన గింజలేమైనా కనపడితే తీసి పారెయ్యండి. సజ్జలకు పట్టే ఎర్గాట్ బూజు లాంటిది దీనికీ పడుతుంది, అది విషం.

ఒక కప్పు గింజలు ఉడికితే మూడు నుంచి నాలుగు కప్పులవుతాయి. కాబట్టి పావు కిలో ప్యాకెట్ చూడటానికి చిన్నదైనా, సోనాతో కలిపి వాడితే నలుగురున్న ఇంట్లో రెండు మూడు పూటలకు వస్తుంది. ధర చూసి గుండె పట్టుకునే ముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

అంకెలు ఏం చెప్తున్నాయి

ప్రొటీన్ మాట నిజమే. వంద గ్రాముల పచ్చి వైల్డ్ రైస్‌లో దాదాపు 14.7 గ్రాముల ప్రొటీన్, 6.2 గ్రాముల పీచు ఉంటాయి. పాలిష్ చేసిన తెల్ల బియ్యంలో ప్రొటీన్ దాదాపు 7 గ్రాములే. ఇక్కడి దాకా చూసి వీడియోలు ఆపేస్తారు. పక్కన కొర్రలు పెట్టి చూడరు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం కొర్రల్లో వందకు 12.3 గ్రాముల ప్రొటీన్ ఉంది. అంటే తేడా రెండున్నర గ్రాముల లోపు. ఆ రెండున్నర గ్రాములు పది గ్రాముల చెనక్కాయ గింజల్లో వస్తాయి. మనమేమో చెనక్కాయల పొడి లేకుండా అన్నం ముట్టని జనం. అనంతపురం జిల్లాలో కూర్చుని ప్రొటీన్ కోసం కాలిఫోర్నియా గింజ కొనడం ఎలా ఉంటుందో మీరే చూడండి.

కాల్షియం దగ్గరికొస్తే వైల్డ్ రైస్ అసలు పోటీలోనే లేదు. వందకు 21 మిల్లీగ్రాములు. రాగుల్లో 340కి పైన. దీనికి నిజంగా బలమున్నవి జింక్, మెగ్నీషియం. జింక్ వందకు 6 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ధాన్యాల్లో అది ఎక్కువే. కానీ ఆ ఒక్కదానికోసం రోజూ ఇది తినేవాళ్లు ఎవరు?

షుగర్ ఉన్నవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇది పిండిపదార్థం లేని తిండి కాదు. పచ్చి గింజలో వందకు 75 గ్రాములు పిండిపదార్థమే. ఉడికిన వైల్డ్ రైస్‌లో వందకు 21 గ్రాములు, ఉడికిన తెల్లన్నంలో 28 గ్రాములు ఉంటుంది. తేడా ఉంది, కాదనను. అందులో కొంత భాగం ఇది ఎక్కువ నీళ్లు పీల్చుకోవడం వల్ల వచ్చిన తేడా. నమలాల్సి వస్తుంది కాబట్టి తక్కువ తింటాం, అది అసలైన లాభం. అయితే జొన్న రొట్టె తిన్నా జరిగేది అదే కదా. ‘వైల్డ్ రైస్ కాబట్టి ఎంతైనా తినొచ్చు’ అని పళ్లెం నిండా పెట్టుకుంటే మీటర్‌లో అంకె మీకే తెలుస్తుంది. మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడిగే మార్చుకోండి.

మన గింజలతో పక్కపక్కన

కొర్రలు, అరికెలు, సామలు మనకు కొత్తగా ఎవరో చెప్పిన తిండి కాదు. కర్నూలు నల్లరేగడి మీద కొర్ర పండిన పొలాలు ముసలివాళ్లకు బాగా తెలుసు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి సూర్యనంది, ఎస్‌ఐఏ 3085 లాంటి కొర్ర రకాలు వచ్చాయి. ఇవి మూడు నెలల లోపే చేతికొచ్చే పంట, వానలు ముఖం చాటేసే మన సీమకు సరిగ్గా సరిపోయేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సన్నబువ్వ రోజూ తినే తిండి అయింది, కొర్రబువ్వ పక్కకు జరిగింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మళ్లీ అందరికీ గుర్తొచ్చింది. ఇప్పుడు కర్నూల్లో ఏ వీధిలో చూసినా సిరిధాన్యాల అంగడి ఒకటి కనపడుతుంది.

కొర్రలకు ఉన్న పెద్ద సుగుణం, అన్నంగా వండితే అన్నంలాగే కలుస్తాయి. రెండు గంటలు నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు పోస్తే ఇరవై నిమిషాల పని. పప్పు, పులుసు, చారు, పెరుగు అన్నీ పీల్చుకుంటాయి. వైల్డ్ రైస్ ఇక్కడే ఓడిపోతుంది. దాని పైపొర గట్టిది, పులుసు లోపలికి పోదు. గింజ పక్కన గింజ, పులుసు పక్కన పులుసు, ఎవరి దారి వాళ్లది. పప్పన్నం ముద్ద కట్టి తినే మనకు అది చికాకు.

కొర్రలు కొనేటప్పుడూ జాగ్రత్త కావాలి. బాగా పాలిష్ పట్టినవి పాలిపోయి, మెరుస్తూ, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, వాటిలో పీచు చాలా వరకు తవుడుతో పోతుంది. తక్కువ పాలిష్ ఉన్నవి కాస్త మసకగా, పసుపు మీద ఉంటాయి. అవి నూనె గుణం వల్ల త్వరగా ముక్క వాసన వస్తాయి కాబట్టి నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. వైల్డ్ రైస్‌కు ఈ బాధ లేదు. వేయించి ఆరబెట్టిన గింజ, గాలి చొరని డబ్బాలో ఏళ్ల తరబడి ఉంటుంది. పురుగు పట్టదా అంటే మూత సరిగ్గా పెట్టకపోతే మన ఎండలకు ఏదైనా పడుతుంది.

ఇక దంపుడు బియ్యం. రోజూ అన్నం మానలేనివాళ్లకు, కొర్రలు నచ్చనివాళ్లకు ఇదే సుళువైన మెట్టు. దాని రుచి మనకు కొత్త కాదు, ధర సోనాకు కాస్త ఎక్కువ, అంతే. బ్లాక్ రైస్‌కు నా ఇంట్లో ఒకటే చోటు, పాయసం. పాలు, బెల్లంతో ఆ రంగు చూడముచ్చటగా వస్తుంది. దాన్ని రోజూ అన్నంగా తినడం నాకు నచ్చదు, జిగురు ఎక్కువ.

ఏ వంటలో బాగుంటుంది

వైల్డ్ రైస్‌ను ఒంటరిగా పళ్లెంలో పెట్టుకోవద్దు. వంతుకు వంతు కూడా ఎక్కువే. వండిన సోనా మూడు వంతులు, వండిన వైల్డ్ రైస్ ఒక వంతు, ఇది నా లెక్క. అప్పుడు తెల్లటి మెతుకుల మధ్య నల్లటి గింజ అక్కడక్కడా పంటికి తగులుతుంది, దాని వాసన తెలుస్తుంది, విసుగు పుట్టదు.

అన్నిటికన్నా బాగా కుదిరింది చిత్రాన్నం. ఆవాలు, చెనక్కాయ గింజలు, ఎండుమిరపకాయ, పచ్చిమిరపకాయ, కరివేపాకుతో తిరగవాత, పసుపు, దించాక నిమ్మకాయ. ఇందులో మెతుకు విడివిడిగా ఉండాలి, పులుసు పీల్చే పని లేదు, కాబట్టి వైల్డ్ రైస్ లోపాలన్నీ ఇక్కడ గుణాలవుతాయి. దాని కాస్త పొగ వాసన, వేగిన చెనక్కాయ గింజ వాసన ఒకదానికొకటి భలే నప్పాయి. చింతపండు పులిహోర కన్నా నిమ్మకాయే మంచిది, చింతపండు గుజ్జు దీని వాసనను మింగేస్తుంది. మామిడికాయల కాలంలో తురిమిన పుల్ల మామిడితో కూడా చెయ్యొచ్చు.

పెరుగన్నంలో కూడా బాగుంటుంది, ఎండాకాలంలో మరీ. సోనా అన్నం మెత్తగా చిదిమి, పెరుగు, పాలు కలిపి, చివర్లో వైల్డ్ రైస్ గింజలు కలపాలి. దానిమ్మ గింజలు వేసేవాళ్లుంటారు కదా, అదే పని ఇవి చేస్తాయి, తీపి లేకుండా. పక్కన ఊరిబిండి ఉంటే ఇక అడగొద్దు.

నాటుకోడి పులుసుతో వద్దు. ఆ పులుసు రాగి సంగటి కోసం పుట్టింది. సంగటి ముద్దను పులుసులో ముంచితే పులుసు ముద్దకు అంటుకుని వస్తుంది, వైల్డ్ రైస్ మీద పోస్తే జారి పళ్లెం అడుక్కి పోతుంది. గోంగూరతో కూడా కుదరలేదు. పులుపు, ఘాటు రెండూ గట్టిగా ఉన్న కూరల పక్కన దీని రుచి వినపడదు, నమిలే శ్రమ మాత్రం మిగులుతుంది. మన సీమ కారం ముందు సన్నటి రుచులు నిలబడవు, అది దీని తప్పు కాదు.

మిన్నెసోటాలో దీన్ని ఎక్కువగా కోడిమాంసం సూప్‌లో వేస్తారు. ఆ దారిలో పోతే మనకు మిరియాలు వేసిన కోడి చారు ఉంది. పలుచటి చారులో రెండు చెంచాల ఉడికిన గింజలు వేసి, వేడిగా గిన్నెలో తాగితే బాగుంటుంది. చారులో ఎంతసేపున్నా గింజ కరగదు, ముద్ద కాదు. జలుబు చేసినప్పుడు తాగడానికి నేను దీన్ని సిఫారసు చేస్తాను. ఒజిబ్వేలు మేపుల్ చెట్టు పాకంతో, అడవి పండ్లతో తీపిగా కూడా తింటారు కాబట్టి బెల్లం పాకం, కొబ్బరి కోరుతో కలిపి చూడటంలో తప్పేం లేదు. పాయసంలో మాత్రం సగ్గుబియ్యంలా చిక్కదనం ఇవ్వదు, పాలు పలుచగానే ఉండిపోతాయి. పాయసానికి బ్లాక్ రైసే నయం.

ఒక సరదా పని ఉంది. వేడి నూనెలో కొన్ని గింజలు వేస్తే కొన్ని సెకన్లలో విచ్చుకుని తెల్లగా పేలాల్లా లేస్తాయి. వెంటనే జల్లిగంటెతో తీసి, ఉప్పు, కారం, కాస్త పప్పుల పొడి చల్లితే సాయంత్రం టీ పక్కన కరకరలాడతాయి. గింజలో తేమ సరిగ్గా ఉంటేనే విచ్చుకుంటాయి, మరీ ఎండిపోయినవి నూనెలో నల్లగా మాడిపోతాయి. అందుకే ముందు నాలుగు గింజలు వేసి చూడండి. వీటితో ఉగ్గాని చెయ్యొచ్చా అని అడగొద్దు. బొరుగుల ధరకూ దీని ధరకూ ఉన్న దూరం చూస్తే ఆ ఆలోచనే పాపం.

దోసెలకు, ఇడ్లీకి, సంగటికి ఇది పనికిరాదు. రుబ్బితే పొట్టు పలుకులు పంటికింద తగులుతాయి, మామూలు బియ్యప్పిండిలా పట్టు ఉండదు. కారం దోసె మీద ప్రయోగాలు చెయ్యాలనుకునేవాళ్లను మాత్రం కడప వాళ్లు క్షమించరు.

ఎవరికి ఏది

ఇంట్లో షుగరో, బరువో సమస్య ఉండి, రోజూ రాత్రి పూట అన్నం మార్చాలనుకుంటే జొన్న రొట్టె దగ్గర మొదలుపెట్టండి. రొట్టె తట్టడం రాకపోయినా పర్వాలేదు, ఇప్పుడు కర్నూల్లో, అనంతపురంలో సాయంత్రమయ్యేసరికి వేడివేడి రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లు వీధి మొగల్లో ఉంటారు. అన్నం రూపమే కావాలంటే కొర్రలు, అరికెలు. ఎముకల కోసమైతే రాగులు. పిల్లలకు డబ్బాలో రంగురంగుగా ఏదైనా పెట్టాలంటే సోనాతో కలిపిన వైల్డ్ రైస్ చిత్రాన్నం నెలకోసారి పెట్టండి, బడిలో నలుగురూ అడుగుతారు. పళ్లు సరిగ్గా లేని పెద్దవాళ్లకు మాత్రం పెట్టొద్దు, ఎంత ఉడికించినా నమలాల్సిందే.

వంట మీద ఇష్టం ఉన్నవాళ్లు, కొత్త గింజ దొరికితే దాని గుణమేమిటో చూడాలనుకునేవాళ్లు తప్పకుండా ఒకసారి వండండి. మన దగ్గరున్న ఏ ధాన్యానికీ ఆ కొరుకు, ఆ వాసన లేవు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. కొర్రలు ఆరోగ్యంలో దీన్ని గెలుస్తాయేమో గానీ పంటి కింద ఇలా పలకవు. ఇంటికి ఎవరైనా భోజనానికి వచ్చినప్పుడు ఒక గిన్నెలో పెడితే మాటలు దాని మీదికే పోతాయి.

వండింది మిగిలితే బయట పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండకు సాయంత్రానికే వాసన మారుతుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది, చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలల పాటు ఉంటుంది. అసలు తెలివైన పద్ధతి ఇదే. ఒకేసారి ప్యాకెట్ అంతా ఉడికించి, పిడికెడు పిడికెడు చొప్పున గడ్డకట్టించి పెట్టుకుంటే, గంటసేపు పొయ్యి దగ్గర నిలబడే పని ఒక్కసారితో తీరుతుంది. చిత్రాన్నం చేసే రోజు ఒక డబ్బా తీసి తిరగవాతలో వేస్తే చాలు.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు కొనకండి. వచ్చేటప్పుడు ఏం తేవాలని వాళ్లు అడిగినప్పుడు ఇది చెప్పండి. అయితే ఊరికే వైల్డ్ రైస్ అంటే నల్లగా నిగనిగలాడే ప్యాకెట్ ఏదో పట్టుకొస్తారు. సరస్సులో చేత్తో కొట్టింది, కట్టెల మీద వేయించింది, గోధుమరంగుది అని విడమర్చి చెప్పండి. ఆదివాసులు సొంతంగా అమ్మేది దొరికితే ఇంకా మంచిది. విరిగిన గింజల ప్యాకెట్ అయితే ధర తక్కువ, త్వరగా ఉడుకుతుంది, చారులోకి అదే బాగుంటుంది. అర కిలో చాలు.